గోడ అవతలి మగ్గం

ఆ ఆదివారం చేయవలసిన పనులు ఫోనులో ఇలా రాసుకున్నాను:

చెవి మిషన్లు రెండూ వాటి డబ్బాలో పెట్టి పూర్తిగా చార్జింగ్ చేయాలి.
ఎర్ర చుక్క ఉన్నది కుడి చెవికి, నీలం చుక్క ఉన్నది ఎడమ చెవికి అని అమ్మకు నేర్పాలి.
అమ్మ ఫోనులో యాప్ ఎక్కించి, బ్లూటూత్ కలపాలి.
ఇంట్లో చప్పుళ్ళకు తగినట్టు మిషన్లను సర్దాలి.
ఫోను మోగితే చెవి మీద రెండుసార్లు తట్టి మాట్లాడటం చూపించాలి.
సాయంత్రం ఐదున్నర బస్సుకు కర్నూలు వెళ్ళిపోవాలి.
పెద్దమ్మ పేరు ఎత్తకూడదు.

చివరిది రాసుకోకపోయినా గుర్తుండేదే. ఆరేళ్ళుగా మా ఇంట్లో అమలులో ఉన్న నియమం అది.

మాది కోడుమూరు. నేత పని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. అందువల్ల మా వీధిలో ఎవరు ఏ కొత్త వస్తువు కొన్నా, దానితోపాటు వచ్చే సన్నక్షరాల పుస్తకం నా చేతికి వస్తుంది. నాగన్న మామ టీవీకి వైఫై పెట్టింది నేనే, దాని పాస్‌వర్డు మరిచిపోయిన ప్రతిసారీ చెప్పేదీ నేనే. కర్నూలులో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు ఊరికి వచ్చి ఈ పనులు చూసి పోతుంటాను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చేయడం నా పద్ధతి.

రామసుబ్బమ్మ మా పెద్దమ్మ, అంటే అమ్మకు తోటికోడలు. పెద్దనాన్న పోయాక ఒక్కతే ఉంటోంది. కూతురు తనూజను ఆదోనిలో ఇచ్చారు. రెండు ఇళ్ళకూ మధ్య ఒకటే గోడ. ఇటు అమ్మ మగ్గం, అటు పెద్దమ్మ మగ్గం. తనూజ పెళ్ళిలో నలుగురి ముందు పెద్దమ్మ మా అమ్మను చూపించి, "శివలీల నేసే చీరకు అంచు వదులు" అన్నది. నేత మనిషిని ఇంకేమైనా అనవచ్చు, ఆ మాట మాత్రం అనకూడదు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

పోయిన ఏడాది పెద్దమ్మ షుగర్ తగ్గిపోయి మగ్గం మీదే ఒరిగిపోయింది. అందరికంటే ముందు కనిపెట్టింది అమ్మే. "ఆ పక్క చప్పుడు ఆగిపాయ, పోయి చూడుపో" అని నన్ను తరిమింది. తాను మాత్రం గడప దాటలేదు. ఆస్పత్రి నుంచి వచ్చాక పెద్దమ్మ కూడా, నిన్ను ఎవరు పంపారని నన్ను అడగలేదు.

అమ్మకు చెవులు మందగించి రెండేళ్ళయింది. మిషన్లు పెట్టుకోమంటే "నేనేమన్నా ముసిల్దాన్నా?" అని కసిరేది. ఈ వేసవిలో మాత్రం తనే అడిగింది, "ఒరే ఉమా, ఆ చెవులవి ఏవో తెస్తానంటివే, తేగూడదా?" అని. ఎందుకు మనసు మారిందో నేను అడగలేదు. అడిగి ఉండవలసింది.

ఆ ఆదివారం అమ్మ చీర పొడవునా సాగే కొత్త పడుగు పోగులను పాత పోగులకు ఒక్కొక్కటే అతుకుతూ మగ్గం ముందు కూర్చుంది. చప్పుడు లేని పని, రెండు రోజులు పడుతుంది. మిషన్లు పెట్టి ఆన్ చేశాను. ముందు ఉలిక్కిపడింది. తర్వాత తన గాజులు తనే కదిలించి చూసుకుంది. పక్కన కూర్చుని కరకరమని బొరుగులు తింటున్న నా వైపు తిరిగింది.

"నువ్వు దినామూ ఇట్లనే నములుతావేమిరా?"

"అవునమ్మా."

"ఇంగ నీకు పెండ్లి యట్లయితాదిరా నాయనా!"

అంతలో ఫోను తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: "ఒకే రకమైన చప్పుడు ఆగకుండా వస్తోంది. తగ్గించాలా?" అది పెద్దమ్మ మగ్గం. గోడ దాటి టక్కు టక్కుమని వస్తోంది. అనవసరమైన చప్పుళ్ళు తగ్గిస్తే మాటలు స్పష్టంగా వినిపిస్తాయని పుస్తకంలో ఉంది. పైగా పేరే ఎత్తకూడని మనిషి మగ్గం అమ్మకు వినిపించకపోతే ఇంకా మంచిదనుకున్నాను. అవునని నొక్కి, చప్పుడు తగ్గించే గీతను చివరిదాకా జరిపాను.

అమ్మ ఒక పది పోగులు అతికి ఆగింది.

"ఒరే, ఈ పొద్దు అమాసనా?"

అమావాస్య నాడు మావాళ్ళెవరూ మగ్గం గుంటలో కాలు పెట్టరు, నేయరు.

"కాదమ్మా. అమావాస్య పోయి వారమయింది."

"సరిగ్గా చూడు."

క్యాలెండర్ చూసి సప్తమి అని చెప్పాను. ఇంకో ఐదు పోగులు అతికింది. మళ్ళీ ఆగింది.

"ఆ పక్కోళ్ళు ఊరికేమన్నా పోయినారా?"

నాకు మగ్గం వినిపిస్తూనే ఉంది గనుక ఆమె దేనికి అడుగుతోందో తట్టలేదు. పేరు ఎత్తకూడదు గనుక ఆమె ఫోనులో నంబర్లు ఎక్కిస్తూ కూర్చున్నాను.

అమ్మ చేతిలో పోగులు వదిలేసింది. సగం అతికిన పడుగును వదిలి ఆమె లేవడం నేనెన్నడూ చూడలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది. నేను వెంటపడేసరికి పెద్దమ్మ గుమ్మంలో ఉంది.

"అక్కా! ఓ అక్కా!"

పెద్దమ్మ గుంటలో కాళ్ళు పెట్టుకుని హాయిగా నేస్తోంది. ఆరేళ్ళ తర్వాత గుమ్మంలో తోటికోడలిని చూసి బిత్తరపోయింది.

"ఏమే, ఎవురు పోయినారు?"

"నువ్వే పోయినావనుకుంటి!"

"నేనేంటికి పోతా? పొద్దున్నుంచి నేస్తానే ఉండా గదా!"

"ఒట్టి మాట. మగ్గం చప్పుడే లేకపాయ."

"లేదా? ఇదో, ఇనుకో!" అని పెద్దమ్మ పోగును బిగించే పలకను రెండుసార్లు గుంజి కొట్టింది. గూట్లో చెంబు అదిరింది.

అమ్మ పలకను చూసింది, పెద్దమ్మ మొహం చూసింది. "అక్కా, నీ మాటలు బాగనే ఇనపడతాండాయి. నీ మగ్గానికే నోరు పడిపాయ."

ఇద్దరూ నా వైపు తిరిగారు. ఫోను నా చేతిలోనే ఉంది. మాటలు బాగా వినిపించాలని మగ్గం చప్పుడు తీసేశానని చెప్పాను.

"యాడ తీసేసినావప్పా?" అంది పెద్దమ్మ.

"ఫోనులో, పెద్దమ్మా."

"నలభై ఏండ్లాయ నేస్తాండా. మీ పెద్దనాయన గూడా ఈ చప్పుడు ఆపలేకపాయ. నువ్వు ఒక ఏలుతో తీసేసినావా? ఏమే శివలీలా, ఇందుకేనా ఈణ్ణి డిగ్రీ చదివించింది?"

"వాణ్ణేమీ అనగాకు. రాసినట్ల చేసే పిల్లోడు." అమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. "ఎండాకాలం నుంచి నీ మగ్గం సరిగ్గా ఇనపడల్యా అక్కా. గోడకు చెవి పెట్టినా సన్నగా ఉండాది. నువ్వు మళ్ళీ పడిపోతే నాకెట్ల తెలియాల? అందుకే వీణ్ణి అడిగి తెప్పించుకుంటి."

పెద్దమ్మ తలవంచి, తెగని పోగు తెగినట్టు చాలాసేపు వెతికింది.

"అయితే పోయినేడు ఈణ్ణి పంపింది నువ్వా?"

"ఇంగెవురు?"

నేను గీతను వెనక్కి లాగాను. "ఇప్పుడు కొట్టు పెద్దమ్మా."

పలక దెబ్బకు అమ్మ భుజాలు ఎగిరాయి. కళ్ళు మూసుకుంది. "ఇంగోసారి" అంది. పెద్దమ్మ ఆపకుండా జానెడు గుడ్డ నేసింది. అప్పుడు అమ్మ లేచి, మగ్గం మీదికి వంగి, నేసిన గుడ్డ అంచును రెండు వేళ్ళతో పట్టి చూసింది.

"అక్కా, నీ అంచు వదులయింది."

పెద్దమ్మ అంచును చూసింది, అమ్మను చూసింది.

"చెవులు పెట్టిస్తే దీనికి నోరు గూడా వచ్చె గదరా!" అని పడీపడీ నవ్వింది. "కండ్లు ఆనడంల్యా లేవే. ఆ కొస పట్టుకో, రా."

ఐదున్నర బస్సు వెళ్ళిపోయింది. చివరి నియమం ఎలాగూ పోయింది; ఆనాటి పనుల్లో మిగిలిపోయింది ఇది ఒక్కటే. మేము బయలుదేరుతుంటే పెద్దమ్మ వెనక నుంచి కేకేసింది: "అమాస పొద్దు నా మగ్గం మోగదు. మళ్ళ ఇట్ల బెదురుకోగాకు. ఆ పొద్దు నువ్వే రా, ఈడనే అన్నం తిందాం."

యాప్‌లో మనకు కావలసిన పేరుతో సర్దుబాట్లు దాచుకోవచ్చు. అమ్మ ఫోనులో ఇప్పుడు మూడు ఉన్నాయి: ఇల్లు, బజారు, రామసుబ్బమ్మ. మగ్గం చప్పుడును తగ్గించని ఆ మూడోదే ఎక్కువగా వాడుతుంది.

మీరూ ఒకనాడు మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఇలాంటి మిషన్లు పెడతారు. ఆ తెర మీ ఇంటి చప్పుడు ఏదో ఒకటి పట్టుకుని, తగ్గించాలా అని అడుగుతుంది. అవునని నొక్కే ముందు, చెవి ఎవరిదో వాళ్ళను అడగండి. అడగడం మరిచిపోతారేమోనని చెబుతున్నాను, గోడ అవతల నేస్తూ ఉండే మా పెద్దమ్మ రామసుబ్బమ్మను ఆ ఒక్క క్షణం గుర్తు తెచ్చుకోండి.