ఆయన డ్యూటీలో ఉన్నారు

భర్త ప్రేమ్‌చంద్ పోయిన నలభై మూడో రోజున మాలతి, పదకొండేళ్ళ కూతురు అమూల్యను వెంటబెట్టుకుని రాయ్‌పూర్ స్టేషన్‌లో చెన్నై వెళ్ళే రైలెక్కింది. చేతిలో ప్రేమ్‌చంద్ పేరు మీదున్న రైల్వే పాసు ఉంది. వ్యాగన్లు బాగుచేసే కార్ఖానాలో వెల్డరుగా ఉంటూ అతను తీసిన చివరి పాసు అది. మనిషి పోయాక దాన్ని ఆఫీసులో ఇచ్చెయ్యాలి. మాలతికి ఆ సంగతి తెలుసు. తెలిసే బీరువాలో చీరల కింద దాచింది.

చెన్నై మీదుగా పుదుచ్చేరి వెళ్ళే ఈ ప్రయాణం ప్రేమ్‌చంద్ ముచ్చట. మాలతి రాయ్‌పూర్ దేవేంద్ర నగర్‌లో ఒక బడిలో పదమూడేళ్ళుగా సోషల్ చెబుతోంది. ఫ్రెంచివాళ్ళ పాఠం వచ్చిందంటే పుదుచ్చేరి మేడల్ని బోర్డు మీద గీసి మరీ చెబుతుంది. "చూడకుండానే ఇంత చెప్తున్నావ్, చూసొస్తే ఇంక పిల్లల్ని ఇంటికి పంపవేమో!" అని అతను ఏడిపించేవాడు.

వెళ్ళడానికి ఆమె సందేహిస్తుంటే అత్తగారు అప్పలనరసమ్మే తోసింది. "ఎల్లి రాయే. ఆడు తీసిన పాసు. లోకుల నోటికి తాళాలెయ్యగలమేటి? గుంటకైనా కాస్త గాలి మార్తాది," అంది మనవరాలిని చూస్తూ.

రాజ్‌నాంద్‌గావ్ దాటాక టీసీ వచ్చాడు. పాసులో మూడు పేర్లు, సీట్లలో ఇద్దరు.

"సాబ్ కహా హై, మేడమ్?" అన్నాడు, మీ ఆయన ఏరని.

"డ్యూటీ మే హై," అంది మాలతి.

"కార్ఖానా వాళ్ళకి ఛుట్టీ ఎప్పుడు దొరికింది గనక!" అని అతను హిందీలోనే నవ్వి, మూడో బెర్తు ఇంకెవరికో రాసేసి ముందుకు సాగిపోయాడు.

కాపురమంతా ఎందరికో చెప్పిన జవాబే అది. పెళ్ళిళ్ళకి ఒక్కతే వెళ్ళినప్పుడు, బడిలో పేరెంట్స్ మీటింగుకి ఒక్కతే వెళ్ళినప్పుడు, నాలుకకి అలవాటైపోయిన మాట. ఆ మాట అన్న క్షణంలో ఆయన నిజంగానే ముఖానికి అద్దం తొడుక్కుని ఏదో వ్యాగన్ పక్కన వంగి ఉన్నట్టు తోచింది. తియ్యగా అనిపించింది. ఆ తీపికే ఆమె సిగ్గుతో చితికిపోయి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. హోంవర్కు పుస్తకం ఇంట్లో మర్చిపోయానని అబద్ధమాడిన పిల్లల్ని గంటసేపు నిలబెట్టే టీచరమ్మ ఆమె.

ఒకసారితో ఆగితే బాగుండేది. పుదుచ్చేరిలో గది ఇచ్చినావిడ అడిగింది. డ్యూటీ అంది. సముద్రానికెదురుగా ఉన్న పాత కచేరీ ముందు ఫొటో తీసిపెట్టినతను అడిగాడు. డ్యూటీ అంది. ఎత్తయిన చర్చి మెట్ల మీద పరిచయమైన నాగ్‌పూర్ దంపతులకైతే, వచ్చే నెల ఆయనతో మళ్ళీ వస్తామని కూడా కలిపింది. అలా అంటున్నప్పుడు తన గొంతులో హుషారు తనకే వినబడింది. అమూల్య పక్కనే నిలబడి అన్నీ వింటోంది.

రెండో రోజు పొద్దున ఒక పాత వర్తకుడి మేడకి వెళ్ళారు. తెల్లటి స్తంభాలు, పసుపు గోడలు, నిలువెత్తు చెక్క రెక్కల కిటికీలు. గోడకి రాసిన సున్నం పాలరాయిలా నున్నగా ఉంది. మాలతి దాని మీద చెయ్యి వేసి, పాఠం చెప్పినట్టే, "ఈ సున్నంలో గుడ్డు తెల్లసొన కలిపేవాళ్ళు, అమ్మూ," అంది.

మేడ చూపించే ముసలాయన గిరుక్కున తిరిగాడు. "తెలుగోళ్ళాండీ? నా పేరు కోటయ్యండి, మాది యానాం. మీదే ఊరండి?"

"రాయ్‌పూర్ అండి."

"అంత దూరంలోనూ మనోళ్ళున్నారన్నమాట! మనం లేని చోటు లేదండి బాబూ, ఒక్క చంద్రుడి మీద తప్ప." ఆయన తాళాలగుత్తి తీశాడు. "పై హాలు అందరికీ తియ్యనండి. మీకు తీస్తాను, రండి. పాప నాన్నగారు రాలేదాండీ?"

మాలతి నోరు తెరిచేలోపే అమూల్య అందుకుంది. "నాన్నకి డ్యూటీ అండీ. ఛుట్టీ దొరకలేదు. వచ్చే నెల వస్తారు."

అదే హుషారు. అదే విరుపు. చెప్పి, క్లాసులో సరైన జవాబు చెప్పిన పిల్లలా తల్లి ముఖంలోకి చూసింది, మెప్పు కోసం.

మాలతి గోడ మీంచి చెయ్యి తీసేసింది.

"అయ్యో, అయితే వచ్చే నెల తప్పకుండా తీసుకురండి," అంటున్నాడు కోటయ్య.

"ఆయన లేరండి," అంది మాలతి. "ఆయన పోయిన నలభై మూడో రోజున బయల్దేరాం. గుండెనొప్పి."

కోటయ్య తెల్లబోయి అమూల్య వైపు చూశాడు. "మరి పాప..."

"పాప నా మాటే చెప్పిందండి. అబద్ధం నాది."

ముసలాయన తాళాలు చప్పుడు కాకుండా పిడికిట్లో పట్టుకుని మెల్లగా మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు.

అమూల్య మెట్టు మీద కూలబడింది. "నాన్న లేడని నాకు తెలుసు. ఆ రోజు ట్యూషన్ నుంచి తీసుకొచ్చిన ఆంటీ చెప్పింది. నానమ్మ చెప్పింది. క్లాసులో మిస్ కూడా చెప్పింది. నువ్వొక్కదానివే చెప్పలేదు." తల్లి వైపు చూసి మళ్ళీ అంది, "నువ్వు ఫస్ట్ ఈ తాతకి చెప్పావ్, అమ్మా."

మాలతి ఒక్కో రోజూ వెనక్కి వెళ్ళి వెతికింది. తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది, పక్కలో పెట్టుకుని పడుకుంది. ఆ మాట మాత్రం ఎక్కడా దొరకలేదు. ఎవరో ఒకరు చెప్పే ఉంటారులే అని, పిల్ల ముఖం చూడలేక తప్పుకుంది. నలభై మంది పిల్లల ముందు రోజూ నిలబడే మనిషి, ఒక్క పిల్ల ముందు నిలబడలేకపోయింది.

కూతురికి ఒక మెట్టు కింద కూర్చుని, తల పైకెత్తి చూసింది.

"నాన్న చనిపోయారు, అమ్మూ."

"ఊఁ," అంది అమూల్య.

పైన కోటయ్య తలుపులు బార్లా తీశాడు కాబోలు, మెట్ల మీదికి ఎండ పడింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.