వరహాలు వేలికొలత

పెదజాలారిపేటలో వరహాలు వేలికొలతకు తిరుగులేదు. నాలుగు వేళ్లు పెట్టి వల కన్ను అల్లాడంటే, కోనం చేప కూడా ముందు తన నడుం కొలుచుకుని గానీ అందులో దూరేది కాదట. ఒకసారి పిల్లచేప ఒకటి ఆ వలలోంచి జారిపోతూ, "వచ్చే ఏడు సరిపోతాలే బాబూ" అని చెప్పి మరీ వెళ్లిందట. అబద్ధమైతే ఆ చేపనే అడగండి.

అలాంటి వరహాలుకి భుజం పట్టేసి వల లాగే పని పోయింది. వడ్రంగి పన్లో ఉన్న బావమరిది నాగబాబు అతన్ని సీతమ్మధార తీసుకొచ్చాడు. అక్కడ అనూరాధ టీచరమ్మ వంటింటికి కబోర్డులు చేశాడు, హేండిల్సే మిగిలాయి.

"ఇరవైరెండున్నాయి బావా. సరిగ్గా బిగించినావంటే రేపట్నుంచి నాతోనే పని. సన్‌మైకాకి ఓపాలి సిల్లెట్టినామంటే మరి పూడదు, సూసుకో" అంటూ టేపు చేతిలో పెట్టాడు నాగబాబు.

"నా ఏళ్లుండగా టేపెందుకురా?"

"ఏళ్లు సేపలకి బావా!" అని నవ్వి, అతను సామాన్లకి ద్వారకా నగర్ వెళ్లాడు.

హేండిల్ కొలత వరహాలు నిన్ననే, నాగబాబు ఒకటి ఇంటికి తెచ్చి చూపించినప్పుడు, చూసి పెట్టుకున్నాడు. రెండు స్క్రూల మధ్య సరిగ్గా నాలుగు వేళ్లు. సింకు కింద తలుపు మీద వేళ్లు ఆనించి, గుర్తు పెట్టి, డ్రిల్లుతో రెండు చిల్లులూ కొట్టేశాడు. మొదటి స్క్రూ బుద్ధిగా ఎక్కింది. రెండోది చిల్లుకి పక్కవీధిలో నిలబడింది.

వరహాలు చెయ్యి చూసుకున్నాడు. పొద్దున్న తమ్ముడి వల దులుపుతుంటే జెల్ల చేప ముల్లు గుచ్చిన నడిమివేలు మిరపకాయ బజ్జీలా ఉబ్బి ఉంది.

తప్పు చిల్లుకి మైనం పూసి ఊరుకుందామా అనిపించింది. ఈలోగా అనూరాధ టీ తెచ్చింది.

"అమ్మా, ఈ తలుపు తప్పు కొట్టీసినాను. ఏలు వాసింది, దాంతోపాటు కొలతా వాసింది."

"వేలితో కొలిచారా! మిగతా ఇరవయ్యొకటీ ఇంతేనా?"

"కాదమ్మా. సూడండి."

సంచిలోంచి అరచేతంత చెక్క తీశాడు. వల కన్ను ఎక్కువతక్కువ కాకుండా వాళ్ల నాన్న పెట్టుకునే చెక్క అది. వేళ్ల మీద గీరతో వరహాలు దాన్ని ఏనాడూ వాడలేదు. ఇప్పుడు దాని మీద హేండిల్ పెట్టి, గుర్తులు గీసి, రెండు చిల్లులు కొట్టాడు. ఆ చెక్కని తలుపు మూలకి ఆనించి చిల్లుల్లోంచి పెన్సిల్ గుచ్చితే చాలు, గుర్తు తప్పదు. తర్వాత నాగబాబుకి ఫోన్ చేశాడు.

"ఒంటి స్క్రూ గుండ్రటి హేండిలొకటి, కొక్కెమొకటి పట్రా. ఒక తలుపు పాడుసేసినాను. వొచ్చాక తిట్టుకో."

నాగబాబు వచ్చేసరికి ఇరవయ్యొక్క హేండిల్సూ పరేడ్‌లో సిపాయిల్లా నిలబడ్డాయి. ఒక్కోదానికీ టేపు పెట్టి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. సింకు కింద తలుపుకి ఒక చిల్లులో గుండ్రటి హేండిల్, రెండో చిల్లులో కొక్కెం బిగించారు. అనూరాధ మసిగుడ్డ తెచ్చి ఆ కొక్కేనికి తగిలించింది.

"ఇన్నాళ్లూ ఇది ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు" అంది.

నాగబాబు ఆ చెక్కని అటూ ఇటూ తిప్పి చూసి వరహాలు సంచిలో పెట్టాడు.

"రేపు ఎనిమిదింటికి వొచ్చీ బావా. సెక్క తెచ్చుకో. ఏళ్లు ఇంటికాడ ఎట్టీసి రా."