మడత సీటు

రేవులో చెక్కలు పుచ్చిపోయాయని, అవి మార్చేదాకా లాంచీ తిరగదని, కాబట్టి ఉన్న అతిథులంతా ఆ పూటే వెళ్ళిపోయారని, మర్నాడు దీవికి కొత్త మనిషెవరూ రారని కబురు తెలిసిన సాయంత్రం ఊళ్ళో సగం మందికి ఏం చేయాలో తోచలేదు. ఏడాది పొడుగునా పరాయివాళ్ళ సెలవులకు చాకిరీ చేసిన జనం. ఆ సెలవేదో తమ నెత్తినే వచ్చి పడేసరికి, ఎవరి సామానో పొరపాటున తమ గుమ్మంలో దింపినట్టు చూశారు.

మైకు మాత్రం ఇంటికొస్తూనే చెప్పులైనా విప్పకుండా ప్రకటించాడు. "రేపు మనం టూరిస్టులం."

మైకు అనేది అతని అసలు పేరు కాదు. దీవి చుట్టూ తిప్పి చూపించే బస్సు తనే నడుపుతాడు, చూడవలసినవి మైకులో తనే చెబుతాడు గనక ఇంటా బయటా ఆ పేరే ఖాయమైంది. ఇంటికొచ్చినా ఆ ధోరణి వదలదు. భోజనాల దగ్గర "మీ కుడివైపున ఉప్పు డబ్బా కనిపిస్తుంది" అన్నాడంటే అందించమని అర్థం. పెళ్ళైన కొత్తలో భార్యకు నవ్వొచ్చేది. ఇప్పుడు ఉప్పు అందిస్తుంది.

ఆమె పని పెద్ద హోటల్లో, బట్టలుతికే గదిలో. నేల కింద ఉంటుంది, కిటికీ లేదు. పడమటి ఒడ్డున అతిథులు పడకకుర్చీల మీద పరుచుకునే నీలిచారల తువ్వాళ్ళన్నీ చివరికి ఆమె చేతికే వస్తాయి. ఉతికే ముందు బాగా దులపాలి, లేకపోతే ఇసుక దూరి యంత్రం పట్టేస్తుంది. రోజూ దులిపిందంతా పోగుచేస్తే బక్కెట్టు అడుగు నిండుతుంది. పనివాళ్ళు ఆ ఒడ్డున కూర్చోవడం హోటలు వారికి సమ్మతం కాదు. కాబట్టి ఇన్నేళ్ళలో ఆమె ఒడ్డుకు వెళ్ళింది లేదు, ఒడ్డే పిడికెడు పిడికెడుగా ఆమె దగ్గరికి వచ్చింది. ఆ పడకకుర్చీలో ఒక్కపూట కాళ్ళు చాపుకుని కూర్చోవాలని ఆమె కోరిక. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఆమే అమ్మ కాబట్టి, ఎవరూ అడక్కుండానే అందరికీ పెట్టేది. తన విషయానికొచ్చేసరికి ఎవరైనా అడిగితే చెబుదామని చూస్తూ ఉండిపోయింది. ఈ సెలవుతో ఆ అడిగే రోజు వచ్చిందనుకుంది.

వంటగదిలో బల్ల చుట్టూ సభ తీరింది. అత్తగారు, ఆడపడుచు, పక్క వీధిలో ఉండే ఆమె సొంత తమ్ముడు, ఎనిమిదేళ్ళ కూతురు. ఆమె పొయ్యి దగ్గర నిలబడి గుడ్లు ఉడకబెడుతోంది. ఎక్కడికెళ్ళేదీ ఇంకా తేలలేదు గానీ, ఎక్కడికెళ్ళినా గుడ్లు తప్పవు.

"మొదట లైట్‌హౌస్" అన్నాడు మైకు.

"చాల్లేరా" అంది అత్తగారు. ఆవిడ రిటైరయ్యేదాకా ఆ లైట్‌హౌస్ గుమ్మంలో టిక్కెట్లు చింపింది. "ఎక్కేవాళ్ళ మొహాలు చూశాను, దిగొచ్చేవాళ్ళ మొహాలూ చూశాను. నేనైతే ఎక్కను."

"పోనీ హోటల్ తోట. చెరువు, బాతులు..."

"అన్నయ్యా, దణ్ణం పెడతా" అంది ఆడపడుచు. ఆమె అదే హోటల్లో గుమ్మం ఎదురు బల్ల దగ్గర కూర్చుని వచ్చేవాళ్ళకు తాళాలిస్తుంది. "ఆ గేటు దాటితే చాలు, నా మొహానికి ఉద్యోగం నవ్వు వచ్చేస్తుంది. మళ్ళీ ఇంటికొచ్చేదాకా పోదు."

"అయితే పడవ షికారు."

తమ్ముడు తల కూడా ఎత్తలేదు. అడుగున అద్దం బిగించిన పడవలో జనానికి చేపల్ని చూపించడం అతని బతుకుతెరువు. "ఆ చేపలకి నేనంటే విసుగు బావా. నాక్కూడా అంతే."

"నాన్నా, గుహ!" అంది పిల్ల. "దొంగలు బంగారం దాచిన గుహ!"

మైకు దగ్గాడు. "గుహ వద్దులే."

"ఏం?"

"అందులో దొంగల్లేరు, బంగారం లేదు. అదంతా నేను కల్పించి చెప్పేదే. మీ అందరి మధ్యా నిలబడి చెప్పాలంటే నాకు మొహం చెల్లదు."

దూరపు కొండలు నునుపు. కానీ దూరమంటూ ఉండాలంటే దీవికి కాస్త పొడుగూ వెడల్పూ ఉండాలి కదా. ఇక్కడ అందంగా ఉన్న ప్రతి చోటూ ఇంట్లో ఎవరో ఒకరికి నౌకరీయే. సభ గుడ్లు చల్లారేదాకా సాగి, చివరికి ఒక తీర్మానానికి వచ్చింది. ఎక్కడా పెద్దగా దిగకుండా బస్సులోనే దీవి చుట్టూ తిరిగి రావాలి. బస్సు ఎలాగూ ఖాళీ, యజమాని సరేనన్నాడు. పైగా మైకు చెప్పేది ఇంట్లోవాళ్ళెవరూ మొదట్నుంచీ చివరిదాకా విన్న పాపాన పోలేదు. ఈ ముక్క అతనే ఎత్తాడు, కొంచెం నొచ్చుకుంటూనే.

"పడమటి ఒడ్డు..." అంది ఆమె, గుడ్ల గిన్నె దించుతూ.

"ఆ, అదీ ఉంది. ఫోటోలకి కాసేపు ఆపుతాం" అన్నాడు మైకు. "మొత్తం ప్రయాణికులు నలుగురు."

ఆమె బల్ల చుట్టూ చూసింది. అత్తగారు, ఆడపడుచు, తమ్ముడు, పిల్ల.

"మరి నేను?"

"నీకేంటి, నువ్వు నా పక్కనే, మడత సీట్లో! టీ ఫ్లాస్కూ అదీ చూసుకోవాలి కదా" అన్నాడు అతను, మంచి చోటు తీసిపెట్టినవాడిలా. మరీ అబద్ధమేం కాదు. ఆ సీటు అతను ఇంతవరకూ క్లీనరుకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. వడ్డించేవాడు సాక్షాత్తూ మొగుడే అయితే బంతిలో కూర్చోవడమే కుదరదని ఆ సామెత కట్టినవాళ్ళకు తెలియదు కాబోలు.

బస్సుకు కొన్ని నియమాలున్నాయి. ఆగిన ప్రతిచోటా మైకు అద్దంలోంచి తలలు లెక్కపెడతాడు. ప్రయాణికుల తలలే, బస్సు మనుషులవి కాదు. లెక్క కుదిరాక, గుమ్మం దగ్గర క్లీనరు బెల్లు కొడితే బండి కదులుతుంది. మడత సీటుకూ ఒక గుణం ఉంది. మనిషి లేస్తే అది తనంతట తనే మడుచుకుని గోడకు అతుక్కుంటుంది. ఖాళీగా ఉన్నట్టు కనబడదు, అసలు సీటంటూ ఉన్నట్టే కనబడదు.

మర్నాడు పొద్దున బయల్దేరారు. మైకు నిజంగానే బాగా చెప్పాడు. వాళ్ళు పుట్టిన వీధిని కూడా వాళ్ళకు కొత్తగా చూపించాడు. ఊరు దాటకముందే గుడ్లు సగం అయిపోయాయి. ఎవరు తిన్నారయ్యా అంటే ఎవరూ కాదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం. ఆమె ఒలుస్తూ వెనక్కి అందిస్తూ ఉంది. సముద్రం ఎడమవైపు వచ్చిందని మైకు చెప్పినప్పుడల్లా ఆమె కళ్ళు గుడ్ల పెంకుల మీదే ఉన్నాయి.

పడమటి ఒడ్డున దిగారు. జనం లేరు. పడకకుర్చీలన్నీ దొంతరగా పేర్చి పైన పట్టా కప్పి ఉన్నాయి. అత్తగారికి ఎండ, ఆడపడుచుకు గాలి, తమ్ముడికి సముద్రమే గిట్టలేదు. ఫోటోలు తీసుకుని గబగబా ఎక్కేశారు. ఆమె పెంకుల పొట్లం పట్టుకుని చెత్తడబ్బా కోసం కుర్చీల వెనక్కి వెళ్ళింది.

పొద్దుట్నుంచీ ఆ బెల్లు కొట్టాలని పిల్ల చేతులు దురద పెడుతున్నాయి. మైకు అద్దంలో చూశాడు. నలుగురు. గుమ్మం దగ్గర బెల్లు మోగింది.

ఆమె వచ్చి చూసేసరికి బస్సు కదిలింది. చెయ్యెత్తింది.

అక్కడ రోడ్డు ఎత్తుకు ఎక్కుతుంది, బస్సు నత్తనడక నడుస్తుంది. ఒక్క కేక వేస్తే చాలు. ఆమె గొంతు ఏమన్నా సామాన్యమైందా! ఉతుకు యంత్రాల రొదకు పైనుంచి అరిచి అరిచి పదునెక్కింది. తెరిచిన కిటికీల్లోంచి మైకు గొంతు వినిపిస్తోంది, ఎవరూ రానిచోట దొరికే ప్రశాంతత గురించి చెబుతున్నాడు. ఆమె నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. ఎత్తిన చెయ్యి దించింది.

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. ఈమెకు కష్టం తోచింది మరిచిపోయినందుకు కాదు. తను లేకుండానే లెక్క సరిపోయినందుకు.

పట్టా ముడి విప్పింది. ఒక కుర్చీ లాగింది. గుడ్డ మీద మరక ఉందేమోనని చూసింది. ఉంది, సులువుగా పోయేదే. నీళ్ళకు దగ్గరగా వేసుకుని కూర్చుంది. ఏడుపొచ్చింది, ఏడ్చింది. చూసేవాళ్ళు లేరు కాబట్టి తొందరగానే అయిపోయింది. తర్వాత కాళ్ళు చాపింది. చెప్పుల్లోంచి ఇసుక జారి ఇసుకలోనే పడింది. దులపనక్కర్లేదు. ఆ మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఎంత హాయిగా ఉందంటే, బస్సు రాకపోతే బాగుండునని కూడా అనిపించింది. తను అంత మాట అనుకోగలదని ఆమెకు అంతవరకూ తెలియదు.

బస్సు లైట్‌హౌస్ దాకా వెళ్ళింది. అక్కడ అత్తగారు టీ అడిగింది. ఫ్లాస్కు దొరికింది గానీ గ్లాసులెక్కడున్నాయో ఎవరికీ తెలియలేదు. "అమ్మాయ్, గ్లాసులేవీ?" అని పెద్దావిడ పిలిచినప్పుడు పలికే మనిషి లేదు.

తిరిగొచ్చిన బస్సు ఆగీ ఆగకముందే మైకు దూకినంత పని చేశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. వెనకే పిల్ల పరిగెత్తుకొచ్చి తల్లి ఒళ్ళో పడి, బెల్లు కొట్టింది తానేనని ఏడుస్తూ ఒప్పేసుకుంది.

"నువ్వు ఒక్క కేక వెయ్యకూడదూ!" అన్నాడు మైకు. "నేను చూసుకున్నాను కూడా. లెక్క సరిగ్గానే ఉంది, నలుగురు..."

"అవునండీ. సరిగ్గానే ఉంది" అంది ఆమె.

అతను సగంలో ఆగిపోయాడు. సముద్రం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. మైకు లేకుండా అతని గొంతు చాలా చిన్నది.

"ఇక్కడికి రావాలని ఉందా నీకు?"

"ఉంది."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఎప్పుడూ అడగలేదు."

అందరూ తలో దిక్కు చూశారు. ముందుగా తేరుకున్నది అత్తగారే. "నిలబడి ఏం చూస్తున్నావురా? నాకూ ఒక కుర్చీ లాగు" అంది. తమ్ముడు, ఆడపడుచు కూడా తెచ్చుకున్నారు. మైకు టీ పోస్తానన్నాడు. గ్లాసులు నీలం సంచీలో, రొట్టె కింద ఉన్నాయని ఆమె కుర్చీలోంచి లేవకుండానే చెప్పింది. అతను వెతికి తెచ్చాడు. మొదటి గ్లాసు ఆమెకే ఇచ్చాడు, కొంచెం ఒలికింది.

పొద్దు వాలాక అత్తగారికి చలేసింది. కుర్చీలు దొంతరలో పెట్టేసి ఒక్కొక్కరే బస్సెక్కారు. ఆమె కుర్చీ మాత్రం అక్కడే ఉంది, ఆమె అందులోనే ఉంది. ఎవరూ పిలవలేదు. మైకు ఇంజను వేసి అద్దంలోంచి వెనకనుంచి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పొద్దున సరిపోయిన నాలుగే. పిల్ల బెల్లు తాడు పట్టుకుని చూస్తోంది.

"కొట్టకు" అన్నాడు. "లెక్క తక్కువుంది."

ఇంజను ఆపేశాడు. ఆ మాట ఒడ్డు దాకా వినిపించింది. ఆమె విన్నది గానీ, అప్పుడే లేవలేదు.