అత్తయ్యకు ఐసు

మా ఆయన ఫ్రిజ్ ముందు బోర్లా పడుకుని ఒక పూట గడిచింది. పక్కన టార్చిలైటు, స్క్రూడ్రైవరు, నా హెయిర్ డ్రయ్యరు. ఫోనులో ఎవడో గడ్డం అబ్బాయి ఫ్రిజ్ విప్పి చూపిస్తున్నాడు. వాడు విప్పినవన్నీ ఈయనా విప్పాడు. వాడు మళ్ళీ బిగించాడు. ఈయన దగ్గర మాత్రం మూడు మరలు మిగిలాయి.

"ఇవెక్కడివండీ?" అన్నాను.

"అవంత ముఖ్యం కాదులే."

ముఖ్యం కాని మరలు ఫ్యాక్టరీవాళ్ళు ఊసుపోక బిగించారు కాబోలు! కోతిపుండు బ్రహ్మరాక్షసి అయ్యేలోపు ఆపండి మహాప్రభో అని నెత్తీ నోరూ కొట్టుకున్నా వింటేగా.

నా కంగారంతా ఐసు కోసం. అత్తయ్యకు కీమో మందుల వల్ల నోరంతా పుండ్లు. ఉమ్మి మింగాలన్నా కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఆమెకు హాయిగా ఉన్నది ఒక్కటే, మా ఫ్రిజ్ తలుపులోంచి గలగలా పడే సన్నటి ఐసు ముక్కలు. ఒకటి నోట్లో పెట్టుకుంటే మంట మొద్దుబారుతుంది. ఆ వెనకే రెండు గుక్కల నీళ్ళూ, మందుబిళ్ళా దిగుతాయి. నిన్నటితో ముక్కలన్నీ అయిపోయాయి. కొత్తవి పడలేదు. గిన్నెలో నీళ్ళు గడ్డకట్టించి, సుత్తితో కొట్టి ఇచ్చాను. ఒక ముక్క అంచు పుండుకు తగిలి నెత్తురొచ్చింది. అంతే, అత్తయ్య ఇక నోరు తెరవలేదు. బజారులో అమ్మే ఐసు దగ్గరికి కూడా రానివ్వొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది. పొద్దున ఫోను చేస్తే, "సాయంత్రానికి కూడా నీళ్ళు తాగకపోతే తీసుకొచ్చి చేర్చండి, సెలైన్ ఎక్కించాలి" అంది.

ఆ మాట విని అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "మళ్ళీ అక్కడికి తీసుకెళ్ళకే" అంది. ఆ ఒక్క మాట అనడానికి ఆమె ఎంత అవస్థ పడిందో నేను చూశాను.

మెకానిక్కు ఎల్లుండి గానీ రాలేనన్నాడు. "ఈలోగా ఫ్రిజ్ వెనకాల నీళ్ళ వాల్వు తెరిచుందో లేదో చూడండి సార్" అన్నాడు పాపం. మా ఆయన నవ్వేశాడు. "తెరిచే ఉంటుందయ్యా. దాన్నెవరు ముట్టుకుంటారు?"

ఇంతలో వంటగదిలో లైటు ఆరిపోయింది. స్విచ్చి దగ్గర మామగారు.

"పట్టపగలు లైటెందుకురా?"

"నాన్నా, లోపల కనబడక చస్తున్నా!"

మామగారు లైటు వేసి, ఎవరూ లేని హాల్లో ఫ్యాను కట్టేసి, మందుల షాపుకు బయల్దేరారు. ఆయన తీరే అంత. ఎప్పుడో ఒకసారి అందరూ ఊరెళ్ళి వచ్చేసరికి పైపు పగిలి, ఇంట్లో చెప్పులు తేలాయట. అప్పట్నుంచీ ఇంటిల్లిపాదీ బయల్దేరామంటే గ్యాసు, మోటారు, పంపులు, ప్లగ్గులు, కట్టెయ్యగలిగినవన్నీ కట్టేసి గానీ గడప దాటరు. మేం కార్లో కూర్చుని హారన్లు కొట్టాల్సిందే.

హారన్ మాట తలుచుకోగానే నాకు గుర్తొచ్చింది. అత్తయ్యను ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు కూడా అలాగే కొట్టాం.

"లేవండి. ఫ్రిజ్ ముందుకు లాగాలి."

"వెనకేముంటుందే, బూజు తప్ప?"

"ఆ బూజే చూస్తాను. లేస్తారా, మీతోపాటే లాగమంటారా?"

లేచాడు. ఇద్దరం కలిసి లాగాం. సన్నటి పైపు, దాని మొదట్లో వాల్వు, వాల్వు పిడి పైపుకు అడ్డంగా. మూసి ఉంది. తిప్పగానే బుస్సుమంటూ నీళ్ళు పరిగెత్తాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే! మేం ఆసుపత్రికి వెళ్ళేనాటికి ఐసు డబ్బా నిండుగా ఉంది కాబట్టి, అది ఖాళీ అయ్యేదాకా ఎవరికీ తెలియలేదు.

మామగారు మందుల సంచితో వచ్చారు. "దొరికిందామ్మా?"

"దొరికింది మావయ్యగారూ! వాల్వు కట్టేసి ఉంది. మీరే వెనక్కి చెయ్యి దూర్చి కట్టేశారు. నిన్నట్నుంచీ అక్కడ మనిషి గొంతు తడవక అల్లాడుతుంటే ఒక్కసారైనా మీకు గుర్తు రాలేదా?"

నా గొంతు ఇల్లంతా వినిపించింది. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకున్నాను.

మామగారు స్టూలు మీద కూలబడ్డారు. "కట్టెయ్యడం వరకేనమ్మా నా పని. తిరిగొచ్చాక గుమ్మంలోనే నిలబెట్టి, మోటారు వేశారా, గ్యాసు తిప్పారా, అని ఒక్కొక్కటే అడిగేది మీ అత్తయ్యే. ఇన్నేళ్ళూ అలాగే జరిగింది. ఈసారి తను అడగలేదు."

అడగలేదు. ఎలా అడుగుతుంది, మేం స్ట్రెచర్ మీద లోపలికి తెచ్చిన మనిషి? నాకు కోపం పోలేదు. ఏం చెయ్యాలో తోచక మా ఆయన మీద అరిచాను, ఆ ఫ్రిజ్ త్వరగా బిగించమని.

మధ్యాహ్నం దాటాక ఫ్రిజ్ లోపల ఏదో కదిలింది. డబ్బాలో గలగలమని చప్పుడైంది. ఫ్రిజ్‌కు దణ్ణం పెట్టినంత పనిచేశాను. గిన్నెలో పట్టి మామగారి చేతికిచ్చాను.

"నేనా? ఏ మొహం పెట్టుకుని వెళ్ళనమ్మా?"

"ఉన్న మొహమే పెట్టుకుని వెళ్ళండి. కరిగిపోతోంది."

వెళ్ళారు. వెనకే నేనూ వెళ్ళాను. అత్తయ్య ఆయన చేతిలోంచి ఒక ముక్క అందుకుని కళ్ళు మూసుకుంది. కాసేపటికి నేను చెంచాతో నీళ్ళు పోస్తే గుటక పడింది. ఇంకో గుటక పడింది.

వంటగదిలో నా కేకలన్నీ ఆమె విన్నట్టుంది. కళ్ళు తెరిచి మామగారిని చూసింది. ఒక్కొక్క మాటే కూడదీసుకుంది.

"నేనింకా ఇంట్లోనే ఉన్నానండీ. అప్పుడే అన్నీ కట్టెయ్యకండి."

మామగారు గిన్నె పట్టుకుని నిలబడే ఏడ్చేశారు. అత్తయ్య ఇంకో ముక్క కోసం నోరు తెరిచింది.