ఇటుకంటే నాకు పడదు

నేను ఒక ఇత్తడి గంటను. గుడిలోదాన్ని కాదు, బడిలోదాన్నీ కాదు. ఎండీ గారి బల్ల మీద కూర్చుని, నెత్తిన ఒక్క మొట్టికాయ వేస్తే ‘టింగ్’ మనేదాన్ని. పెంబర్తిలో పుట్టి, కాకినాడ దగ్గర ఒక నీళ్ల పంపుల ఫ్యాక్టరీలో కొలువుకు కుదిరాను. నాకు ఒక ఇటుకంటే కడుపుమంట. నవ్వుకోండి, ఫర్వాలేదు.

మొదటి ఎండీ భాస్కరరావు గారు ఎంత ముందుచూపున్న మనిషంటే, కిటికీ దగ్గర నిలబడి పదేళ్ల తర్వాతి పొలాలన్నిటినీ సోలార్ పంపులతో తడిపేసేవారు. గుమ్మం అవతల నిలబడ్డ ఫోర్‌మన్ సత్తిబాబు మాత్రం ఆయన కంటికి ఆనేవాడు కాదు. నేను మోగందే ఎవరూ లోపలికి రాకూడదని అక్కడి కట్టుబాటు. నేను మోగితే గుమ్మం బయట స్టూలు మీంచి అటెండర్ నూకరాజు దిగ్గున లేచేవాడు. అదీ నా వైభోగం. ఆ సోలార్ పంపు మాత్రం ఆయన ఉపన్యాసాలు దాటి బయటికి రాకుండానే ఆయన రిటైరయ్యారు.

తర్వాత హైమావతి గారు వచ్చారు. తనంతట తానే మూసుకుపోయే ఆ తలుపును చూసి, ప్రహరీ కట్టగా మిగిలిన మూల విరిగిన ఇటుక ఒకటి తెప్పించి అడ్డం పెట్టించారు. అంతే, నా నోరు పడిపోయింది. ఎవరు పడితే వాళ్లు వచ్చేయడమే. ఆవిడదీ ఆ పాత కలే. కాకపోతే చెప్పి ఊరుకోక, “ఇందులో నీ పనేంటో నువ్వే చెప్పు” అని ఒక్కొక్కరినీ అడిగేవారు. ఆఖరికి నూకరాజు కూడా స్టూలు వదిలేసి, టెస్టింగ్ షెడ్డులో పని నేర్చుకోవడానికి వెళ్లిపోయాడు. వచ్చేపోయేవాళ్లంతా ఆ ఇటుకను కాలితో సర్ది మరీ వెళ్లేవాళ్లు. నేనేమో మెరుగుపెట్టిన ఇత్తడిని, దాని మొహానేమో సున్నం మరక. దానికా ఈ మర్యాద?

అలా అందరూ కలిసి తయారుచేసిన సోలార్ పంపు పరీక్షకు పెట్టిన ప్రతిసారీ ఆగిపోయింది. శుక్రవారంలోగా నడవకపోతే షెడ్డు మూసేసి, అందులోవాళ్లను పంపించేయమని డైరెక్టర్లు ఫోన్లో తేల్చేశారు. హైమావతి గారు లేచి ఇటుకను కాలితో పక్కకు తోసేశారు. తలుపు మూసుకుంది. నాకు పండగలా అనిపించింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. ఆవిడ బల్ల దగ్గరికి తిరిగొచ్చి నన్ను కొట్టారు. ఉన్న గొంతంతా పెట్టి మోగాను. ఎవరూ రాలేదు. బయట స్టూలు ఖాళీ.

కాసేపటికి సత్తిబాబు తలుపు తోసుకుని వచ్చాడు.

“గంట కొట్టాను, వినపడిందా?” అన్నారావిడ.

“లేదండి. తలుపేసుంటే ఒంట్లో బాగోలేదేమోనని వచ్చేనండి. షెడ్డు మూసేత్తారని అనుకుంటున్నారండి. మోటారు మార్చి ఇంకోసారి తిప్పి చూత్తాం, మీరూ రండి.”

ఆవిడ లేచారు. వెళ్తూ వెళ్తూ నన్ను చేతిలోకి తీసుకున్నారు. షెడ్డులో నీళ్లతొట్టి గట్టు మీద పెట్టి, “ఇకనుంచి నేను కావాలంటే మీరు కొట్టండి. నేనే వస్తాను” అన్నారు.

గురువారం మిట్టమధ్యాహ్నం నూకరాజు తడి చేత్తో నన్ను వాయగొట్టాడు. పంపు ఆగకుండా నీళ్లు పోస్తోంది. హైమావతి గారు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చారు.

ఇప్పుడు నేను పిలిస్తే ఎండీ అంతటి మనిషే కదిలి వస్తున్నారు. గర్వపడాల్సిందే. కానీ షెడ్డులోని నా మోత ఆవిడ గదిలోకి వినపడాలంటే ఆ తలుపు తెరిచి ఉండాలి. దాన్ని తెరిచి పట్టుకున్నది ఎవరో మీకు తెలుసు.