కూర్చున్న సిపాయిలు

గుర్రప్పను ఆ డాక్టరు ముట్టుకోను కూడా లేదు. వరుసలో అతని వెనక నిలబడి నా కళ్ళతో చూశాను.

డెబ్బై ఎనిమిదిలో కృష్ణగిరిలో మాజీ సైనికులకు బోర్డు పెట్టారు. పట్టాళంలో రోగం తెచ్చుకున్నవాళ్ళకు పింఛను ఇవ్వాలా వద్దా తేల్చే బోర్డు. గుర్రప్పది మా కెలమంగలమే. అస్సాం అడవుల్లో పట్టుకున్న చలిజ్వరం పదేళ్ళయినా అతన్ని వదల్లేదు. ఎడమ డొక్కలో ప్లీహం వాచి, బల్ల పెరిగి రాయిలా తగిలేది. ముందురోజు కూడా మంచం అదిరేలా వణికాడు. అయినా తెల్లవారి గడ్డం నున్నగా గీసుకుని, భార్య పుట్టమ్మ ఇస్త్రీ చేసిన ఖాకీ తొడుక్కుని, డాక్టరు ముందు సావధాన్‌లో, మడమలు కలిపి నిటారుగా నిలబడ్డాడు. మేమంతా అంతే. ఆఫీసరు ఎదుట రోగిలా నిలబడటం మాకెవరూ నేర్పలేదు.

"బాగానే ఉన్నావే," అన్నాడు డాక్టరు. "జ్వరమంటావా, మీ ఊళ్ళో దోమలు లేవా?"

అస్సాంలో ఆస్పత్రిలో చేరినట్టు ఆధారం లేదు, పింఛను రాదన్నాడు. ఎలా ఉంటుంది? మా దళంలో చలిజ్వరం వచ్చినవాడు, అది రాకుండా రోజూ ఇచ్చే మాత్ర మింగకుండా ఉమ్మేశాడని లెక్క. శిక్షగా వీపున మూట కట్టి పరిగెత్తించేవారు. అందుకే నోట్లో తువ్వాలు కుక్కుకుని, పళ్ళ చప్పుడు బయటికి రాకుండా వణికేవాళ్ళం. హోసూరు ఫ్యాక్టరీల్లోని తమ్ముళ్ళారా, సూపర్‌వైజరు ముందు మీరు దగ్గు ఆపుకోవడం నాకు తెలుసు. అందుకే ఇది చెబుతున్నాను.

ఆ వానాకాలమే గుర్రప్ప పోయాడు.

దినం నాడు సిపాయిలమంతా అతని వాకిట్లో చేరాం. బోర్డు మళ్ళీ వస్తోంది. ఏం చేయాలని వాదులాట. హవల్దారుగా చేసిన నరసింహప్ప పతకాలు పెట్టుకుని వెళ్దామన్నాడు. అతనికీ అదే జ్వరం. లుంగీలతో, దుప్పట్లతో పోదామని నేనన్నాను.

"సిపాయి మూలిగేది యాడన్నా ఉందాప్పా? మానం పోతుంది," అని కసిరాడు.

పుట్టమ్మ గడప దగ్గరనుంచి లేవలేదు.

"ఆ చొక్కా ఇస్త్రీ చేసింది నేనేనప్పా. మడత చెడకుండా నిలబడి వచ్చినాడు, వచ్చి చచ్చిపోయినాడు. మల్బరీ తోటలో కూలోళ్ళం, నడుము నొస్తే నొస్తాదని అరుస్తాం మేము. తుపాకీ పట్టినోళ్ళు, మీకు ఆ మాత్రం నోరు లేదా?"



బోర్డు రోజున గడ్డాలు గీసుకోలేదు. దుప్పట్లు కప్పుకుని బోర్డు ఆఫీసు వరండాలో నేలమీద కూర్చున్నాం. ముందు పుట్టమ్మ. ఒక్కొక్కరుగా లోపలికి రమ్మన్నారు. పోలేదు. గుర్రప్పకు ఆ రోగం ఎక్కడ వచ్చిందో చెప్పండి, ఆ తర్వాతే మా వంతు అన్నాం.

ఒక ఆఫీసరు బయటికి వచ్చాడు. మమ్మల్ని చూసి నవ్వాడు. గొంతెత్తి, "సావధాన్," అన్నాడు.

మోకాళ్ళు వాటంతట అవే కదిలాయి. నావి కూడా. నరసింహప్ప సగం లేచేశాడు. పుట్టమ్మ అతని దుప్పటి అంచు పట్టుకుంది. లాగలేదు, పట్టుకుంది అంతే.

"కూర్చోన్నా," అంది. "జ్వరం కదా."

అతను కూర్చున్నాడు. ఆఫీసరు మళ్ళీ అరిచాడు. ఎవరూ లేవలేదు.

మాకేమీ ఒరగలేదు. గుర్రప్ప రోగం పట్టాళంలో వచ్చింది కాదనే తేల్చారు. పోలీసులు మమ్మల్ని మూటల్లా ఎత్తి వ్యానులో వేసి హోసూరు వైపు తీసుకుపోయారు. గురుబరపల్లి దాటేసరికి నరసింహప్పకు చలి మొదలైంది. పాత అలవాటు, నా తువ్వాలు అందించాను. దాన్ని పక్కకు తోసేశాడు. పళ్ళు టకటకా కొట్టుకునే చప్పుడు వ్యానంతా నిండింది. ముందు కూర్చున్న పోలీసు వెనక్కి తిరిగి చూశాడు.

చూడనీ.