నిండు కాలు, ఖాళీ కాలు

ఇస్త్రీ షాపు పైనున్న హాల్లో పొద్దున్నే తాయ్‌చీ అనే నిదానమైన చైనా కసరత్తు క్లాసు మొదలయ్యేది. కింద కూతురు ఇస్త్రీ పెట్టె వేడి చేసుకుంటుంటే, పైన తల్లి పాఠం చెప్పేది. ఆవిడని అందరూ టీచరమ్మ అనేవాళ్లు. ఈమధ్య టీచరమ్మకి మతిమరుపు వచ్చింది. ఆవిడ ఏ కదలిక మరిచిపోతే అది ఆవిడ దగ్గర నేర్చుకున్న వాళ్లందరి ఒంట్లోంచీ ఆ పూటే పోయేది.

"ఇవాళ ఏది పోయింది?" అని మెట్లెక్కుతూనే అడిగేవాళ్లు.

"చేతులు మబ్బుల్లా తిప్పడం పోయింది."

"సరేలే, ఉన్నవి చేద్దాం."

ఆవిడ చేత రోజూ చేయిస్తున్నది మాత్రం నిలిచేది. అందుకని ఇద్దరు పెద్ద శిష్యులు ఆవిడని వాటాలేసుకున్నారు. చేతులు బారలు చాపి చేసే శైలి ఒకతనిది, అతన్ని బారన్న అనేవాళ్లు; గిర్రున తిరిగి నేల దన్నే శైలి రెండో అతనిది, అతను దరువన్న. ఇద్దరూ ఉప్పూ నిప్పూ. ఎవరి శైలి బతకాలని వాళ్లు, ఆ ముసలి ప్రాణం చేత పొద్దంతా అవే చేయించేవాళ్లు.

కూతురికి చిన్నప్పుడు జ్వరమొచ్చి కాళ్లు చచ్చుబడ్డాయి. టీచరమ్మ ఆ పిల్లని హాల్లో నిలబెట్టి, "బరువంతా ఈ కాల్లోకి దించు. ఇప్పుడు రెండోది ఖాళీ కదా? ఆ ఖాళీ కాలే కదులుతుంది. తొందరేం లేదు" అంటూ అడుగు నేర్పింది. మిగతావాళ్లకి నడక వాళ్లవాళ్ల ఇళ్లలో వచ్చింది. ఈమెకి ఆ హాల్లోనే వచ్చింది.

అందుకే ఒకరోజు పైకెళ్లి ఇద్దరినీ బతిమాలింది.

"అన్నా, అమ్మ చేత ఆ అడుగొక్కటి రోజూ వేయించండి. అది పోతే నేను మూలన పడతాను."

"అడుగంటే పునాదమ్మా. పునాది ఎక్కడికి పోతుంది?" అన్నాడు బారన్న.

"మా శైలి పోతే మళ్లీ పుడుతుందా?" అన్నాడు దరువన్న. ఆ ఇద్దరూ ఒక్క మాట మీదకి రావడం అదే మొదలు, అదీ ఇలాంటి దిక్కుమాలిన పనికి.

పోనీ సాయంత్రం ఇంట్లో తనే వేయిద్దామంటే, అలిసిపోయిన టీచరమ్మ కుర్చీలోనే నిద్రపోయేది.

ఒక ఉదయం కూతురు ఇస్త్రీ చేసిన చొక్కాని కొక్కేనికి తగిలిద్దామనుకుంది. కాలు రాలేదు. అదే సమయానికి పైన బారన్న చేతులు చాపి బోర్లా పడ్డాడు. దరువన్న తిరగబోయి కూలబడ్డాడు. చేతులన్నీ గుర్తున్నాయి, వాటిని మోసే అడుగే లేదు. ఇద్దరూ లేచి, దులుపుకుని, అందరిలాగే మామూలుగా నడుచుకుంటూ కిందికొచ్చారు.

"నువ్వు పడలేదామ్మా?"

"లేదన్నా. నిలబడే ఉన్నాను. కదల్లేకపోతున్నాను."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, టీచరమ్మని తీసుకొచ్చి అడుగు చూపించమన్నారు. ఆవిడ తన కాళ్లకేసి, తర్వాత వాళ్లకేసి అయోమయంగా చూసింది.

ఆనాటినుంచి పొద్దున్నే వాళ్లిద్దరే కూతుర్ని చెరో వైపూ ఎత్తి ఇస్త్రీ బల్ల ముందు నిలబెడుతున్నారు. చీకటిపడ్డాక ఇంటికి మోసుకెళుతున్నారు. ఇప్పుడు తగువుల్లేవు, తగువు పడటానికి శైలులూ మిగల్లేదు. నిలబడటం కూడా ఎప్పుడు పోతుందో అని కూతురికి లోపల ఒకటే భయం. ఆ భయం నిజం కాకుండా పోయే దారేదీ లేదని ఆమెకి తెలుసు.

ఒక మధ్యాహ్నం టీచరమ్మ బల్ల పక్కకొచ్చి కూతుర్ని తేరిపార చూసింది. బిగిసిన భుజం మీద చెయ్యి వేసి మెల్లగా కిందికి వదిలించింది.

"చక్కగా నిలబడ్డావమ్మా. బరువు బాగా దిగింది. ఎవరు నేర్పారు?"

"మా అమ్మ."

"మరి అడుగు వెయ్యడం నేర్పలేదా?"

"నేర్పిందండీ," అంది కూతురు. బల్ల మీది చొక్కా తడిసింది. ఆ తడి మీదే ఇస్త్రీ పెట్టె నడిపింది.